లినక్స్‌లో వైఫై డాంగిల్ పనిచేయకపోతే

ప్రశ్న పర్లాకిమిడి నుంచి: ఉబుంటు లినక్స్ వేసిన డెస్క్‌టాప్‌కి రియల్‌టెక్ వైఫై డాంగిల్ పెడితే నెట్‌వర్క్‌లేవీ కనబడటం లేదు. బరంపురం వెళ్ళి వేరేది కొనాలా?

అప్పుడే కొనకండి. డాంగిల్ పెట్టి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొట్టండి; యూఎస్‌బీకి తగిలించినవాటి జాబితా వస్తుంది. అందులో డాంగిల్ పేరే రాకపోతే తప్పు డ్రైవర్‌ది కాదు. కేబినెట్ ముందువైపు పోర్టులు వదిలేసి, వెనక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టి చూడండి. కెర్నల్ (లినక్స్ మూలభాగం) సందేశాలు చూపే సుడో డీఎంఈఎస్‌జీ (sudo dmesg) కమాండ్ కొట్టినప్పుడు ఎర్రర్ మైనస్ 71 కనిపిస్తే చాలావరకు పోర్టో, ఎక్స్‌టెన్షన్ వైరో, కరెంటు చాలకపోవడమో కారణం.

పేరు వచ్చి, ఐడీ 0బీడీఏ:1ఏ2బీ అని ఉందా? చాలామందిని తిప్పలు పెట్టేది ఇదే. డాంగిల్ తనలోని విండోస్ డ్రైవర్ల సీడీగా మాత్రమే తెరుచుకుంది, వైఫైగా మారలేదు. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసి, డాంగిల్ తీసి మళ్ళీ పెట్టండి. ఐడీ మారాలి. ఆ ప్యాకేజీ వేయడానికి నెట్ కావాలి కదా: ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, మామూలుగా వేరే డ్రైవర్ అక్కర్లేదు.

ఐడీ మారినా వైఫై రాకపోతే కెర్నల్ వెర్షన్ చూడండి. మీ డాంగిల్‌లో ఉన్నది రియల్‌టెక్ 8821సీయూ చిప్ అయితే, దాని యూఎస్‌బీ డ్రైవర్ 6.2 వెర్షన్ నుంచి కెర్నల్‌లోనే ఉంది. అంతకన్నా పాతదైతే, బయటి డ్రైవర్ వెతికే కన్నా కెర్నల్ అప్‌డేట్ చేయడమే మేలు. బయటి డ్రైవరే వేస్తే, సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉన్నప్పుడు నమ్మదగిన డిజిటల్ సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. ఇన్‌స్టాల్ సమయంలో అడిగిన పాస్‌వర్డ్ గుర్తుంచుకుని, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK, అంటే ఆ సంతకం తాళంచెవిని నమోదు చేయడం) ఎంచుకోండి.