డీజిల్ ఇంజను లాటు పాడేముందు

చిరంజీవి శీనుకు, పెదనాన్న దీవెనలు.

అబ్బయా, గుత్తి రైల్వే షెడ్డులో తుక్కు కింద వేలం వేసే పాత డీజిల్ ఇంజను లాటు పాడాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రైలింజనుకు లెక్క ప్రకారం ఆయుష్షు 36 ఏళ్ళు. 2018లో మిగిలిన లైన్లన్నిటికీ కరెంటు పెట్టాలని కేంద్రం నిర్ణయించాక, ఆ వయసు రాకుండానే చాలా ఇంజన్లు పక్కకొచ్చేశాయి. చూడ్డానికి ఇప్పుడే పరిగెత్తేట్టుంటాయి. పాటదారు మోసపోయేది అక్కడే. పనికొచ్చే సామాను షెడ్డువాళ్ళు ముందే విప్పుకొని నడిచే ఇంజన్లకు వాడుకుంటారు.

డబ్ల్యూడీఎం-3ఏ రకం డీజిల్ ఇంజను బరువు దాదాపు 113 టన్నులని పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె పట్టుకొని రేటు కట్టబాకు. అందులో ట్యాంకు నిండా 5000 లీటర్ల డీజిలు, నీళ్ళు, ఆయిలు కలిపి ఆరు టన్నులదాకా పోతాయి. అమ్మకం 'ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే'. తర్వాత అడగడానికి ఉండదు. ఇంజనులో ఏ సామాన్లు లేవో లాటు వివరాల్లో ఇచ్చే జాబితా చదివి, చూసుకోనిచ్చే రోజున బండి కిందికి దూరి చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లు లెక్కపెట్టు. ఆరుండాలి. రాగి ముఖ్యంగా వాటిలోనూ, ఆల్టర్నేటరులోనూ, కేబుళ్ళలోనూ ఉంటుంది. రెండు మోటార్లు లేకపోయినా నీ లాభం అక్కడికక్కడే పోయినట్టు. 16 సిలిండరు హెడ్లు బీడు (పోత ఇనుము), బ్లాకు మాత్రం వెల్డింగు ఉక్కు. రెండూ కలిపి తూస్తే ఇనుము కరిగించే ఫర్నేసువాడు తక్కువ రేటే కడతాడు.

అంత బండి రోడ్డెక్కదు, అక్కడే కోయాలి. గడువు దాటితే నేల అద్దె. అయినా తొందరపడి కోతకు గ్యాసు వెలిగించబాకండి. ముందు బ్యాటరీలు విప్పి దించండి, గాలి రిజర్వాయర్లు ఖాళీ చేయండి. డీజిల్ ట్యాంకు ఖాళీ అయితే భయం లేదనుకుంటారు. అసలు పేలేది లోపల మిగిలిన ఆవిరే. కడిగి, నిండా నీళ్ళు పోశాకే పైనుంచి కోయాలి. ఆయిలు పట్టిన దుమ్ము లోలోపల రాజుకుంటుంది, పని ఆపాక కూడా ఒక మనిషిని కాపలా పెట్టు. ఆక్సిజన్ వాల్వుకు గ్రీజు చేతులు తగలనీబాకు. పొగ గొట్టాల చుట్టూ తెల్లటి పీచుంటే ఆస్‌బెస్టాస్ కావచ్చు, పొడిగా పీకకుండా తడిపి తీయించు. బోగీ (బాడీ కింద చక్రాలుండే చట్రం) స్ప్రింగులు బరువుకింద బిగిసి ఉంటాయి, క్రేనుతో బాడీ లేపేదాకా వాటి జోలికి పోవద్దు.

బ్యాటరీలు, వాడిన ఆయిలు అనుమతి ఉన్నవాళ్ళకే అమ్మాలి, మన కావలి పాతసామాను కొట్లలో కాదు. రాగి, అల్యూమినియం ఇంటికి తెచ్చుకో. ఇనుము మాత్రం నేరుగా గుమ్మిడిపూండి ఫర్నేసులకు తోలు, రెండుసార్లు కిరాయెందుకు? ముక్క ఎంత సైజుండాలో వాళ్ళను ముందే అడుగు, లేకపోతే అక్కడ మళ్ళీ కోత కూలి. ట్రైలరు కిరాయి, క్రేను, గ్యాసు అన్నీ వేసి లెక్క పంపు. పాటకు రెండ్రోజులు ముందే పంపితే చూసి చెబుతాను.

పెదనాన్న