పాలెన్ని, నీళ్లెన్ని, టీ అసలెందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఎండలు ముదిరేసరికి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి వచ్చే ఉత్తరాలలో పిల్లలకు తాగడానికి ఏమివ్వాలన్న ప్రశ్నలే ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లల గురించి అడిగినవాటిని ఈ సంచికలో ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా బాబుకి ఏడాదిన్నర. రోజుకి లీటరు ఆవుపాలు సీసాతో తాగుతాడు. అన్నం నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఇన్ని పాలు తాగే పిల్లాడికి రక్తం ఎందుకు తగ్గింది?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: చాలావరకు ఆ పాల వల్లే తగ్గి ఉంటుందమ్మా. ఈ వయసు పిల్లలకు రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. లీటరు ఆవుపాలలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీను కలిసి, మిగతా తిండిలో ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వవు. ఇక ఆకలి సంగతి. బాబుకి రోజు మొత్తానికి కావలసినవి సుమారు వెయ్యి కెలోరీలు. లీటరు పాలతోనే అందులో 650 పైగా నిండిపోతాయి. అన్నం ఉమ్మేయడం మొండితనం కాదు, పొట్టలో చోటు లేకపోవడం.

ఏడాది దాటిన పిల్లలకు పాలు, పెరుగు అన్నీ కలిపి రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. ఇంకా తల్లిపాలు తాగుతుంటే అంత కూడా అక్కర్లేదు. తగ్గించేటప్పుడు ముందు రాత్రి సీసాతో మొదలుపెట్టండి. ఆ ఒక్క సీసాలోనే రెండు మూడు రోజులకోసారి పాలు తగ్గించి కాచి చల్లార్చిన నీళ్లు పెంచుతూ, వారం పది రోజుల్లో అంతా నీళ్లు చేసేయండి. నిద్రలో నోట్లో పాలు నిలిస్తే ముందుపళ్లు పుచ్చుతాయి కాబట్టి ఇది పళ్లకీ మంచిదే. పగటి పాలలో మాత్రం నీళ్లు కలపొద్దు. అవి చిన్న స్టీలు గ్లాసుతో, అన్నం తిన్నాక గంట ఆగి ఇవ్వండి. తిండికి ముందు పాలు పట్టడమే అసలు చిక్కు. గ్లాసుతో మొదట్లో ఒలకబోసుకుంటాడు, పోసుకోనివ్వండి. ఏడాదిన్నరకల్లా సీసా పూర్తిగా మానాలి.

మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి సీసా అందిస్తారు, పని మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి అత్తగారికీ, ఆడపడుచుకీ ముందే చెప్పి ఉంచండి. గుడ్డు, చేప, మెత్తగా ఉడికించిన మాంసం, నిమ్మరసం పిండిన తోటకూర పప్పు పెట్టండి. 8.6 అంటే తిండి ఒక్కటే సరిపోదు. డాక్టరు రాసిన మోతాదులో ఇనుము మందు వాడాల్సిందే. దాన్ని పాలతో కలిపి ఇవ్వకండి, పాలకీ మందుకీ రెండు గంటల ఎడం ఉండాలి. మందు వాడుతున్నన్నాళ్లూ విరేచనం నల్లగా వస్తుంది, భయం లేదు. ఆశా కార్యకర్త వారానికి రెండుసార్లు వేసే ఒక మిల్లీలీటరు సిరప్పు రక్తం తగ్గకుండా కాపాడే మోతాదు. తగ్గిన రక్తాన్ని పెంచడానికి అది చాలదు.

ప్రశ్న: మా మావగారు టీ తాగేటప్పుడల్లా మూడేళ్ల మనవరాలికి సాసరులో పోస్తారు. బిస్కట్టు ముంచుకుని తింటుంది. పాలే కదా అంటారు. ఆయనకి ఎలా చెప్పను?
– గుణుపురం

జవాబు: ఐదేళ్లలోపు టీ, కాఫీ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగా చెప్పింది. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పాప బరువుకి సాసరుడైనా తక్కువేమీ కాదు, నిద్ర చెడుతుంది. టీలోని టానిన్లు అన్నంలోని ఇనుమును పట్టేసుకుంటాయి. టీ, బిస్కట్టు కలిసి పొద్దుటి ఆకలిని చంపేస్తాయి, పదింటికి పెట్టే బువ్వ మిగిలిపోతుంది.

తాతా మనవరాళ్ల ఆ పావుగంట మాత్రం చెడగొట్టకండి. సాసరు అదే, చోటు అదే. అందులో పోసేది మెల్లగా మార్చండి. రోజురోజుకీ డికాక్షన్ తగ్గిస్తూ పాలు పెంచితే వారంలో తెల్లటి పాలే మిగులుతాయి. చక్కెర కూడా అలాగే తగ్గించండి. బిస్కట్టు బదులు వేయించిన పల్లీల పొడి అద్దిన అరటిపండు ముక్కలో, ఇడ్లీ ముక్కో పెట్టండి. మావగారికి టీ చెడ్డదని చెబితే నొచ్చుకుంటారు. పాపకి రక్తం పట్టాలంటే టీ ఆపాలని చెప్పండి, ఆయనే ఆపుతారు.

ప్రశ్న: నాలుగు నెలల పాప. ఎండకి నాలిక ఆరిపోతుందని అమ్మమ్మ చెంచాతో నీళ్లు, ఒక్కోసారి తేనె నాకిస్తున్నారు.
– ఛత్రపురం

జవాబు: రెండూ ఆపించండి, ఈరోజే. తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్లే. ఆరు నెలలు నిండేవరకు ఎంత ఎండలోనైనా అవే చాలు. నీళ్లు పడితే ఆ మేరకు పాలు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఏడాదిలోపు పిల్లల పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని పుట్టించగలదు. అందుకే ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. పంచదార నీళ్లు, గ్రైప్ వాటరు కూడా అక్కర్లేదు. రోజుకి ఆరుసార్లు, అంతకుమించి ఒంటికి పోస్తుంటే పాపకి నీళ్లు సరిపోతున్నట్టే. మీకు దాహమేసినప్పుడల్లా మీరు తాగండి, పాపకి మరిన్నిసార్లు పాలివ్వండి.

ప్రశ్న: మూడేళ్ల బాబుకి పాలలో కలిపే చాక్లెట్ పొడి మంచిదా, చోడి (రాగి) మాల్టు మంచిదా? మాల్టు ఇంట్లో చేస్తే పుల్లవాసన వస్తోంది.
– రాయగడ

జవాబు: సందేహం లేకుండా చోళ్లే. ఆ పొడుల డబ్బాలు వెనక్కి తిప్పి ‘కలిపిన చక్కెర’ అన్న వరుస చదవండి. కొన్నిటిలో మూడో వంతు దాకా చక్కెరే. 20 గ్రాముల పొడి వేస్తే చెంచాడు చక్కెర వేసినట్టే, దాని మీద మనం మరో చెంచా వేస్తాం. ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే తరగతే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఈ పొడులను ఆ పేరు కింద చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

మాల్టు చేసే తీరు ఇది. కిలో చోళ్లు రాళ్లు, మట్టి లేకుండా నాలుగైదు నీళ్లు కడిగి పది పన్నెండు గంటలు నానబెట్టాలి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. ఆ తరువాత జల్లెడలో వేసి నీళ్లన్నీ ఓడ్చేయాలి. మీకు పుల్లవాసన వస్తున్నది ఇక్కడే. నీళ్లు ఓడకుండా మూట కడితే లోపల పులుస్తాయి. పలచటి తడిగుడ్డలో వదులుగా కట్టి, గాలి ఆడేచోట ఒకటి నుంచి ఒకటిన్నర రోజు ఉంచండి. పూటకోసారి నీళ్లు చిలకరించి కలియబెట్టండి. తెల్లటి మొలక కనబడగానే చాలు, పొడుగ్గా పెరగనివ్వొద్దు. ఎక్కడైనా నల్లగానో పచ్చగానో బూజు కనబడితే ఆ ఒక్క చోటు తీసి మిగతాది వాడదామనుకోవద్దు, మొత్తం పారేయాలి. మంచి ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టి, చేత్తో నలిపి మొలకలు చెరిగేసి, సన్నసెగ మీద వాసన వచ్చేవరకే వేయించి మర పట్టించండి. మాడితే చేదెక్కడమే కాదు, మొలకెత్తించిన ఫలితం కూడా పోతుంది. పొడి డబ్బాలో మూత బిగించి ఉంచి నెలలోపు వాడేయాలి. తడి మిగిలితే గడ్డకట్టి పురుగు పడుతుంది.

మొలకెత్తించడం ఎందుకంటే, మామూలు చోడిపిండి కాస్త వేసినా జావ చిక్కబడిపోతుంది. దాన్ని పలచన చేయడానికి నీళ్లు పోస్తాం, పిల్లాడి పొట్టలోకి నీళ్లే వెళతాయి. మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరిచి జావను జారుగా ఉంచుతుంది కాబట్టి అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది. రెండు పెద్ద చెంచాల పొడి (సుమారు 20 గ్రాములు) పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ముప్పావు గ్లాసు నీళ్లలో పోసి, సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. దించాక కాచిన పాలు పావు గ్లాసు. రెండేళ్లలోపు బెల్లం వద్దు, ఆపైన చిన్న చెంచాడు. బెల్లమూ చక్కెరే.

ఒక మాట తూకంగా చెప్పాలి. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. గ్లాసు జావలో పడేది 20 గ్రాములే, అంటే 70 మిల్లీగ్రాములు. వంద మిల్లీలీటర్ల పాలలో 120. మూడేళ్లలోపు పిల్లలకు రోజుకి కావలసింది 500. కాబట్టి చోడిజావ పాలకు తోడు, పాలకు బదులు కాదు. గ్లాసుడు జావ తాగాక వెంటనే అన్నం పెట్టబోకండి, అదే ఒక పూట తిండి. మీ పేటలోని అంగన్‌వాడీలో మూడేళ్లలోపు పిల్లలకు ఛతువా ఇస్తారు, గోధుమ, శనగపప్పు, పల్లీలతో చేసిన పొడి. ఇంట్లో అంత చిన్నపిల్లలుంటే దాన్ని మూలన పెట్టకండి. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ కలపనక్కర్లేదు.

ప్రశ్న: విరేచనాలప్పుడు మందుల షాపులో తీయటి పానీయం డబ్బా ఇచ్చారు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కూడా అదేనా? ప్యాకెట్ ఒకేసారి కలపాలా, కొంచెం కొంచెమా?
– కాశీపురం

జవాబు: అది వేరు, ఇది వేరు. ఆ తీయటి డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఎక్కువ చక్కెర పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ప్యాకెట్ 20.5 గ్రాములు, ఒక లీటరుకి. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం పొడి గ్లాసులో వేసి కలిపితే లవణాల పాళ్లు తప్పుతాయి. ఉప్పు ఎక్కువైతే ప్రాణం మీదికి రావచ్చు, తక్కువైతే మందు పనిచేయదు. 24 గంటల తరువాత మిగిలింది పారబోయండి.

రెండేళ్లలోపు అయితే ప్రతి విరేచనం తరువాత 50–100 మిల్లీలీటర్లు, ఆపైన 100–200. చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు తగ్గాయని ఆపేస్తారు, ఆపొద్దు. ప్యాకెట్ దొరికేలోపు కాస్త ఉప్పు వేసిన వేడి గంజి ఇవ్వొచ్చు. తరవాణి (పులియబెట్టిన అన్నం నీళ్లు) మాత్రం అప్పుడు పట్టకండి, అది పచ్చినీళ్లలో పులిసింది. ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: పణా సంక్రాంతికి (ఒడియా ఉగాదికి) మారేడు పానకం, వేసవంతా చెరకురసం, కొబ్బరినీళ్లు, మామిడి జ్యూసు డబ్బాలు. నాలుగేళ్ల పిల్లకి వీటిలో ఏవి పరవాలేదు?
– బరంపురం

జవాబు: కొబ్బరినీళ్లు, మజ్జిగ నిశ్చింతగా ఇవ్వండి. మజ్జిగకి ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్లు, చిటికెడు ఉప్పు. బోండాం కొట్టిన వెంటనే తాగించాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి విరేచనాలప్పుడు ఓ.ఆర్.ఎస్.కి బదులుగా పనికిరావు. మారేడు పానకం పండుగనాడు ఇంట్లో చేసింది సగం గ్లాసు ఇవ్వండి. పండు బాగా ముగ్గితే గుజ్జు తీపే సరిపోతుంది, కాచిన నీళ్లతో పిసికి గింజ, పీచు వడకట్టండి. బండి మీద చెరకురసంలో తీపి ఒక బాధైతే, అందులో వేసే ఐసు ఇంకో బాధ. వద్దు.

డబ్బా జ్యూసుకీ కూల్‌డ్రింకుకీ పెద్ద తేడా లేదు. 200 మిల్లీలీటర్ల కోలాలో ఐదు చెంచాల చక్కెర ఉంటుంది. అసలు పండ్లరసమైనా రెండేళ్లలోపు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకి 125 మిల్లీలీటర్లు మించొద్దు. మామిడిపండు చేతికిచ్చి చీకనివ్వండి, పీచుతో సహా లోపలికి వెళుతుంది.

ప్రశ్న: మా వైపు జీలుగు కల్లు తీపిగా ఉన్నప్పుడు పిల్లలకీ పోస్తారు, బలమని. నిజమేనా?
– కోరాపుట్ జిల్లా

జవాబు: కాదు. గీసిన గంటల్లోనే పులవడం మొదలై సారా గుణం వస్తుంది. చిన్నపిల్లల్లో అది రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేసి మూర్ఛ తెప్పించగలదు. తీపి కల్లు, చెంచాడు బ్రాందీ, ఏదైనా సరే పిల్లలకు ఇవ్వకూడదు.

ప్రశ్న: మా బోరు నీళ్లు బిందెలో పోయగానే ఎర్రబడతాయి. వాసనకి పిల్లలు తాగరు. కాస్తే సరిపోతుందా?
– జయపురం

జవాబు: కాస్తే క్రిములు చస్తాయి, ఇనుము పోదు. రంగూ, వాసనా దానివే. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తునుంచి నాలుగైదుసార్లు ధారగా పోసి గాలి తగలనిచ్చి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తుప్పు అడుక్కి దిగుతుంది. పైతేట మెల్లగా వంచి, నాలుగు మడతల నూలుగుడ్డతో వడకట్టి, ఆ తరువాత కాయండి. పెద్ద బుడగలతో ఒక నిమిషం మరగాలి. మూత పెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న పాత్రలో పోసుకోండి, లేకపోతే పిడి ఉన్న గరిటెతో ముంచండి. కాచిన నీళ్లలో చెయ్యి ముంచితే కాచిన శ్రమంతా వృథా. ఆ నీళ్లు ఒక రోజులో వాడేయండి. అడుగున మిగిలిన ఎర్రనీళ్లు మొక్కలకు పోయండి. ఇంత చేసినా రంగు పోకపోతే నీళ్లు పరీక్షకి పంపించండి, ఫలితం వచ్చాకే నీళ్లు శుద్ధిచేసే యంత్రం కొనే ఆలోచన చేయండి.