కాలేజీలో ఎవరితోనూ కలవలేకపోతున్నా.. కౌన్సెలింగ్‌తో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 19. డిగ్రీలో చేరి ఎనిమిది నెలలైనా ఒక్క స్నేహితుడూ లేడు. నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడ, చేతుల వణుకు. క్యాంటీన్‌కు వెళ్లడమే మానేశాను. కౌన్సెలింగ్‌తో తగ్గుతుందా? మందులు వాడాలా?

సలహా: ఒంటరిగా ఉండటమే ఇష్టమైతే అది స్వభావం, చికిత్స అక్కర్లేదు. మీకేమో కలవాలని ఉంది, భయం అడ్డుపడుతోంది. ఇది ఆరు నెలలు దాటి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే ‘సోషల్ యాంగ్జైటీ’ అని అనుమానిస్తాం. నిర్ధారణ మాత్రం నేరుగా మాట్లాడాకే. ఒక్కరే ఉన్నప్పుడూ దడ వస్తున్నా, బరువు తగ్గుతున్నా ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పి పంపేయడం కాదు. ఈ సమస్యకు బాగా పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే భయాన్ని పెంచే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స. సాధారణంగా వారానికోసారి, 12 నుంచి 16 సార్లు ఉంటుంది. భయాన్ని తప్పించుకోవడానికి మీరు వాడే చిన్న చిన్న ఉపాయాలను ముందు పట్టుకుంటారు. చెప్పబోయే మాటను మనసులో వల్లె వేసుకుంటుంటే ఎదుటివారి మాట చెవికెక్కదు, జవాబు అతకదు. ఫోన్‌లో తల దూర్చి కూర్చుంటే, మాట్లాడటం ఇష్టం లేదేమోనని వాళ్లే పక్కకు తప్పుకుంటారు. భయాన్ని పెంచి పోషించేవి ఇవే.

తర్వాత ఒక్కో పనికి ఎంత భయమో 0 నుంచి 100 వరకు మార్కులు వేయిస్తారు. రికార్డు ఎప్పుడివ్వాలో పక్క బెంచీవారిని అడగడం 30 అనుకుందాం, క్యాంటీన్‌లో కూర్చుని తినడం 60. తక్కువ దానితో మొదలుపెట్టాలి. దడ పుట్టగానే లేచొచ్చేస్తే, పారిపోవడం వల్లే గట్టెక్కానని మెదడు నేర్చుకుంటుంది. అందుకే కాస్త నెమ్మదించేదాకా అక్కడే ఉండాలి. అదే పని వారంలో మూడు నాలుగుసార్లు చేయాలి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది, సరిగ్గా అప్పుడే మానేస్తుంటారు.

కౌన్సెలర్ ముందు మాట పెగలదనుకుంటే కాగితం మీద రాసివ్వండి: ఎప్పుడు మొదలైంది, ఏయే పనులు మానేశారు, ఒంట్లో ఏమవుతోంది. అంత చాలు. ప్రాణాపాయం ఉంటే తప్ప మీ విషయాలు బయటికి చెప్పరు. నాలుగైదు సార్లు వెళ్లినా మాటలే తప్ప అభ్యాసం ఏమీ ఇవ్వకపోతే కౌన్సెలర్‌ను మార్చుకోవచ్చు.

మందులు అందరికీ అక్కర్లేదు. భయం తీవ్రంగా ఉన్నా, డిప్రెషన్ తోడైనా సైకియాట్రిస్టు ఆందోళననూ, డిప్రెషన్‌నూ తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు రాస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సొంతంగా ఆపొద్దు. సెమినార్ ముందు దడ తగ్గుతుందని తోటి విద్యార్థులిచ్చే ప్రొప్రనలాల్ బిళ్లల జోలికి పోవద్దు, ఆస్తమా ఉన్నవారికి అవి ప్రమాదం. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఇంట్లోవారికి చెప్పి అదే రోజు ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.