"ఎందాకా?" అంటే జవాబు చెప్పాలా?

సందేహం: మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక అపార్టుమెంటులో. ఎదురింటి పెద్దావిడది గుంటూరు వైపు. లిఫ్టు దగ్గర కనబడితే చాలు, "ఎందాకమ్మా?" అంటారు. బ్యాంకులో పని, ఆ తర్వాత టైలరు అని వివరంగా చెప్పబోతే సగంలోనే "సరే సరే" అనేస్తారు. పోనీ అని నవ్వి ఊరుకుంటే ముఖం ముడుచుకుంటారు. ఇది ప్రశ్నా, పలకరింపా? రాసేటప్పుడు ప్రశ్నార్థకం పెట్టాలా?

సమాధానం: పలకరింపే. "ఇలా బజారుదాకా పిన్నిగారూ" అనండి, సరిపోతుంది. "ఇక్కడిదాకానే" అన్నా చాలు. అందులో సమాచారం గుండుసున్నా, అయినా ఆవిడ తృప్తిగా తలూపుతారు. మీరు నవ్వి ఊరుకున్నప్పుడు ఆవిడ నొచ్చుకున్నది పలకలేదని.

బయల్దేరేవాళ్ళని "ఎక్కడికి?" అంటే వెళ్ళిన పని చెడుతుందని మనవాళ్ళ పట్టింపు. అందుకే ఊరూ పేరూ వదిలేసి దూరం అడుగుతారు. దూరానికి ఎంత వదులుగానైనా బదులివ్వొచ్చు. చెప్పడం ఇష్టంలేనివాళ్ళకు ఇంతకన్నా మర్యాదైన తోవ దొరకదు.

ఈ రకం మాటలకు శాస్త్రంలో "ఫాటిక్ కమ్యూనియన్" అని ఒక పేరంటూ పెట్టింది మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ. న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చిన మనిషి. మెలనీసియా వాళ్ళు ఎదురుపడగానే "ఎక్కణ్ణించి రాక?" అనడమూ, ఇంగ్లీషువాళ్ళు ఎండావానా కబుర్లు ఎత్తుకోవడమూ ఒకే పనికని 1923లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. మనుషులిద్దరు ఎదురుపడి మాట్లాడకపోతే కలిగే ఇబ్బందిని పోగొట్టడమే ఆ పని. 1960లో భాషాశాస్త్రవేత్త రొమాన్ యాకబ్సన్ భాష చేసే ఆరు పనుల్లో దీన్నీ ఒకటిగా లెక్కవేశాడు. అవతలివాళ్ళు వింటున్నారో లేదో చూసుకోవడం కూడా ఇందులోదే అన్నాడు. మనం కథ వింటూ ఊఁ కొట్టడం, ఫోనెత్తి "ఆఁ, చెప్పు" అనడం ఆ కోవలోవే. మీ చుట్టుపక్కల కన్నడంవారు అడిగే "ఊట ఆయ్తా?" (భోజనమైందా?) కూడా అంతే. "ఆయ్తు, నిమ్దు?" (అయింది, మీది?) అని తిరిగి అడగాలి గానీ రాగిముద్ద తిన్నామా, సొప్పుసారు ఎలా కుదిరింది అని మొదలుపెడితే అడిగినవారు గడియారం చూసుకుంటారు.

అయితే వేళను బట్టి ఈ మాటే నిఖార్సైన ప్రశ్న అవుతుంది. రాత్రి పదకొండింటికి చెప్పులేసుకుంటున్న కొడుకుని తండ్రి "ఎందాకా?" అన్నాడనుకోండి. లిఫ్టు దగ్గర మర్యాదగా చెల్లిన "ఇక్కడిదాకానే" అక్కడ పొగరుగా వినబడుతుంది. ఎవరు ఎవర్ని ఏ వేళప్పుడు అడిగారన్నది చూసుకోవాలి, ఏ నిఘంటువూ దాన్ని చెప్పదు.

ఇక ప్రశ్నార్థకం. పెట్టండి. ఆ గుర్తు వాక్యం తీరును బట్టి వచ్చేది, జవాబు కావాలా వద్దా అన్నదాంతో దానికి పని లేదు. "ఎందాకా అని అడిగింది" అని పరోక్షంగా రాసినప్పుడు మాత్రం అక్కర్లేదు. "ఎందాకమ్మా" కలిపే రాయండి. "ఎందాకా, అమ్మా?" అని విడగొడితే ఎదురింటావిడ గొంతు పోయి నాటకంలో పాత్ర మాట్లాడినట్టుంటుంది.