14వ రోజు లెక్క మీకు కుదరదు (సమాధానం)

కావలి చెల్లెమ్మా, నెలసరి 35 నుంచి 50 రోజుల మధ్య ఎప్పుడో వస్తోందనీ, 14వ రోజు చూసుకుని కలుస్తున్నా ఏడాదిగా గర్భం నిలవలేదనీ రాశారు. ఆ లెక్క 28 రోజులకి వచ్చేవాళ్లది. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి దాదాపు 14 రోజుల ముందు. అంటే మీకు 21 నుంచి 36వ రోజు లోపు ఎప్పుడైనా కావచ్చు, అసలు కొన్ని నెలలు విడుదల కాకపోనూవచ్చు.

18వ రోజు నుంచి రోజూ ఓవులేషన్ స్ట్రిప్ (అండం విడుదల దగ్గరపడిందని మూత్రంతో చెప్పే పరీక్ష పట్టీ) చూడండి. పరీక్ష గీత, పక్క గీతంత ముదురుగా వస్తే ఆ రోజూ మర్నాడూ కలవాలి. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంటే మాత్రం స్ట్రిప్ రోజుల తరబడి ముదురుగానే చూపించి మోసం చేస్తుంది. అప్పుడు ఫాలిక్యులర్ స్కానే (అండాశయాల అల్ట్రాసౌండ్) నమ్మకం. అండం తిత్తి 18-22 మిల్లీమీటర్లకి పెరుగుతోందా లేదా తెలిసిపోతుంది. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టెరాన్ రక్త పరీక్ష 21వ రోజే చేయించి, తక్కువుందని బెంబేలు పడొద్దు. రాబోయే నెలసరికి వారం ముందు చేయించాలి.

ఇంకో ఏడాది ఆగొద్దు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడే హార్మోన్) రక్త పరీక్షలతో పాటు మీవారి వీర్య పరీక్ష కూడా ఇప్పుడే. పాపం, మన వైపు అది అందరికీ ఆఖర్నే గుర్తొస్తుంది! ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టండి. అండం పెరిగే మాత్రలు మాత్రం డాక్టరమ్మ రాస్తేనే.