పురాణ పాత్రను శిల్పంగా చేస్తే క్యాలెండర్ బొమ్మలా వస్తోంది, ఏం చేయాలి?

మీ ద్రౌపది క్యాలెండర్ బొమ్మలా తయారైందని రాశారు. నాకు అహల్యతో సరిగ్గా ఇదే జరిగింది.

మొదట ఫైబర్‌గ్లాస్‌తో చేశాను. నడుము కింద రాయి, పైన చేతులు జోడించిన ఆడమనిషి. పని శుభ్రంగానే కుదిరింది. చూసినవాళ్లు "ఓ, అహల్యా!" అనేసి పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోయేవారు. ఎవరో తెలియగానే ఇక చూడ్డానికేం మిగల్లేదు.

ఆ ఉక్రోషంలో వాల్మీకి బాలకాండ తెరిచాను. అందులో అహల్య రాయి కానే కాదు! గాలే ఆహారంగా, బూడిదలో పడుకుని, ఎవరి కంటా పడకుండా బతకమని గౌతముడి శాపం. రాయిగా మారడం తర్వాతి కథల్లోది. అంత పనీ మూలం చదవకుండానే చేశానన్నమాట.

కంటికి కనబడని మనిషికి బొమ్మేమిటి? మానేశాను. జల్లెడ పట్టిన కట్టెల బూడిదను నేలమీద జానెడు మందాన పరిచి, ఒక మనిషి పక్కకి తిరిగి పడుకుని లేచిన గుంట మాత్రం ఉంచాను. తుంటి దగ్గర లోతుగా, మోచేయి ఆనిన చోట చిన్న నొక్కు. ఈసారి పేరు చెప్పకపోయినా జనం వంగి చూశారు.

శిల్పి అనీష్ కపూర్ 2002లో లండన్ టేట్ మోడరన్ మ్యూజియంలో పెట్టిన 'మార్సియస్' ఫొటోలు చూడండి. గ్రీకు కథలో మార్సియస్ అపోలో దేవుడితో సంగీతంలో పోటీపడి ఓడిపోతాడు, బతికుండగానే చర్మం ఒలిచేస్తారు. కపూర్ కథలోంచి ఆ చర్మం ఒక్కటే తీసుకున్నాడు: మూడు పెద్ద స్టీలు రింగులు, వాటి మధ్య సాగదీసిన ముదురు ఎరుపు పీవీసీ పొర. అలాగని మనిషి రూపం వద్దనను. ఇటలీ శిల్పి బెర్నినీ చేసిన 'అపోలో, డాఫ్నీ'లో (1622–25) అపోలో వెంటపడుతుంటే డాఫ్నీ చెట్టుగా మారిపోతుంటుంది, ఇద్దరూ నిలువెత్తున ఉన్నారు. కానీ మన చూపు డాఫ్నీ వేళ్ల కొసల్లో మొలుస్తున్న ఆకుల మీదే ఆగిపోతుంది.

మీ ద్రౌపదిలో మిమ్మల్ని వదలనిది ఏది? తరగని చీర అయితే కాస్త ఆలోచించండి, అది బాగా అరిగిపోయింది. నేనైతే సభలో ఆమె వేసిన ప్రశ్న పట్టుకునేదాన్ని. ముందు తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కెక్కడిదని అడిగితే, భీష్ముడంతటివాడు కూడా సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. అలాంటి సభలో కూర్చున్నవాళ్లు ఎలా ఉంటారో చేయొచ్చు కదా.

బూడిద లాంటివి వాడితే మాత్రం ముందు ఫ్యాన్లు, ఏసీ ఎక్కడున్నాయో చూసుకోండి. నాకు మొదటిరోజు మధ్యాహ్నానికే గుంట అంచులు చెదిరిపోయాయి, ఒకటే టెన్షన్. నీళ్లు సన్నగా చిలకరిస్తే కొంత ఆగేది, పూర్తిగా కాదు. చివరికి రోజూ పొద్దున్నే, తలుపులు తీయకముందు, నేనే వెళ్లి అందులో పడుకుని లేచేదాన్ని.