పక్కింటి ఆర్మేనియన్ పెద్దావిడ జ్ఞాపకాలు ఫోన్‌లో రికార్డు చేస్తే పరిశోధకులకు పనికొస్తాయా?

ప్రశ్న: అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో ఉంటున్నాం. పక్కింటావిడకి ఎనభై దాటాయి, లెబనాన్ రాజధాని బేరూత్‌లో పుట్టిపెరిగారు. వాళ్ళమ్మగారు చిన్నపిల్లగా 1915లో ఒట్టోమన్ (ఇప్పటి టర్కీ) సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల మీద జరిగిన మారణహోమం తప్పించుకుని వచ్చారట. ఎలా రికార్డు చేయాలి?

జవాబు: పనికొస్తాయండీ. కాకపోతే మీకు దొరికేది రెండో తరం మాట. కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యాలు ఇప్పటికే చాలా పోగయ్యాయి. జానపద పరిశోధకురాలు వెర్జినే స్వజ్లియాన్ సోవియట్ ఆర్మేనియాలో 1955 నుంచే సేకరించారు. చరిత్రకారుడు రిచర్డ్ హోవనేసియాన్ యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం) విద్యార్థుల చేత వెయ్యికి పైగా ఇంటర్వ్యూలు చేయించారు, డాక్యుమెంటరీ దర్శకుడు మైకేల్ హగోపియాన్ దాదాపు 400 ఫిల్ము మీద తీశారు. ఈ చివరి రెండూ మీ ఊరికి దగ్గర్లోనే, మారణహోమాల సాక్ష్యాలు భద్రపరిచే యూఎస్‌సీ షోవా ఫౌండేషన్ దగ్గర ఉన్నాయి.

అందుకని "ఊచకోత గురించి చెప్పండి" అని మొదలుపెట్టకండి. ఏటా ఏప్రిల్ 24న జరిగే మారణహోమం సంస్మరణ సభల్లో విన్నదీ, పుస్తకాల్లో చదివిందీ, అమ్మ చెప్పిందీ కలగలిసిపోయి వస్తాయి. తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. ముందు ఇల్లు, వంట, బడి, జోలపాటలు అడగండి. పాట మొదలైతే అయిపోయేదాకా మధ్యలో మాట్లాడొద్దు. అమ్మ మాటల దగ్గరికి వచ్చాక ప్రతి ముక్కకీ "ఇది ఎవరు చెప్పారు, అప్పటికి మీ వయసెంత, ఏ భాషలో చెప్పారు?" అని అడగాలి. ఇప్పటి దక్షిణ టర్కీలోని ఐంతాబ్, అదానా వైపు ఆర్మేనియన్లలో చాలామంది ఇంట్లో టర్కిష్ మాట్లాడేవారు. ఆ మాట టర్కిష్‌లోనే రానివ్వండి, ఇంగ్లీషులోకి తిప్పమనకండి.

ఎక్కువగా పాడయ్యేది ఊళ్ళ పేర్ల దగ్గర. ఐంతాబ్ ఇప్పుడు గాజియాంతెప్, మర్సోవాన్ ఇప్పుడు మెర్జిఫోన్. పల్లెల పేర్లయితే టర్కీ ప్రభుత్వం వేల సంఖ్యలో మార్చేసింది. ఒట్టి పేరు రాసుకుంటే పటంలో దొరకదు. దగ్గరి పట్నం ఏది, నడిచి ఎంతసేపు, చర్చి పేరేమిటి, ఏరు ఎటుంది? ఇవి అడిగి ఆవిడ చేతే కాగితం మీద గీయించండి. బేరూత్‌లో ఏ పేటలో ఉండేవారో కూడా అడగండి. బేరూత్‌ను ఆనుకున్న బూర్జ్ హమ్మూద్‌లో శరణార్థులు తమ పాత ఊళ్ళ పేర్లతోనే నోర్ (కొత్త) మరాష్, నోర్ అదానా అని పేటలు కట్టుకున్నారు, కనుక అదొక ఆచూకీ.

మనుషుల పేర్లకీ ఇదే తంటా. బేరూత్‌వాళ్ళ "బెద్రోస్" ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో "పెత్రోస్", "క్రికోర్" అక్కడ "గ్రిగోర్". అక్షరాలు అవే, పలకడమే వేరు. ఒక్క ఇంగ్లీషు స్పెల్లింగుతో పెడితే రెండోది వెతికేవాళ్ళకి దొరకదు. ఆర్మేనియన్ లిపిలో ఆవిడ చేత రాయించి ఫోటో తీసుకోండి.

తేదీలు పండగల లెక్కలో వస్తాయి. "వర్దవార్ నాడు బయల్దేరదీశారు" అంటే అలాగే ఉంచి, మీ లెక్క పక్కన విడిగా రాయండి. వర్దవార్ ఆర్మేనియన్ల నీళ్ళ పండగ, ఈస్టర్ తర్వాత 98వ రోజు. 1915లో ఈస్టర్ ఏప్రిల్ 4, అంటే అది జూలై 11. 1915 నాటి ఒట్టోమన్ కాగితాల మీది రూమీ (అప్పటి ప్రభుత్వ క్యాలెండర్) తేదీ అయితే రోజు, నెలకి 13 రోజులు కలపాలి.

ఫోన్ చాలు. డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఇచ్చే యాప్ పెట్టండి. స్టీరియోలో గంటకి ఒక జీబీ అవుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, గొలుసు తగలకుండా ఉండాలి. యాప్‌లో కనిపించే శబ్దం లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. ఫ్రిజ్ మోత తర్వాత పూర్తిగా తీసేయలేం, రికార్డింగ్ జరిగే గంటన్నరా ఆపేయించండి. అంతకుమించి ఆవిడ్ని కూర్చోబెట్టొద్దు కూడా. మొదట్లోనే తేదీ, స్థలం, ఎవరెవరున్నారో గొంతుతో చెప్పండి. పాత ఫోటోలు 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర తరచూ వెనకే ఉంటుంది.

అనుమతి పత్రం మీద సంతకం రికార్డింగ్ అయ్యాకే తీసుకోండి, తానేం చెప్పారో అప్పటికే ఆవిడకి తెలుస్తుంది కాబట్టి. పేరు దాచాలా, కొన్నేళ్ళు మూసి ఉంచాలా అన్నవి పత్రంలో విడివిడిగా ఉండాలి. టర్కీలో మతం మారి మిగిలిపోయిన బంధువుల ప్రస్తావన వస్తే ఆ భాగం నిమిషాలతో సహా గుర్తు పెట్టి, మూసి ఉంచే అవకాశం ఉందని మీరే చెప్పండి. అసలు ఫైలు కత్తిరించకుండా మూడు చోట్ల దాచి, అందులో ఒకటి వాళ్ళ పిల్లలకి ఇవ్వండి.